చిత్తడి సైప్రస్ బోన్సాయ్: కాండపు మొదలు, వేరు వ్యవస్థ రూపకల్పన

బోన్సాయ్ వృక్షాన్ని పరిశీలించే నిపుణుడి చూపు ముందుగా ఆకుల మీదికి పోదు, మొదలు మీద నిలుస్తుంది. వేర్లు నేలను పట్టుకొన్న తీరు, అక్కడి నుండి కాండం కొన వరకు క్రమంగా సన్నబడిన తీరు ఆ చెట్టు వయస్సును తెలియజేస్తాయి. కాండం ఈ విధంగా క్రమంగా సన్నబడడాన్నే బోన్సాయ్ పరిభాషలో టేపర్ అంటారు. కొమ్మలను 2, 3 సంవత్సరాలలో తిరిగి పెంచుకోవచ్చు. ఆకులు ఏటా వస్తాయి. మొదలు, వేర్లు మాత్రం తొలి దశాబ్దంలో ఎలా రూపుదిద్దుకొంటే చెట్టు జీవితమంతా దాదాపు అలాగే ఉంటాయి. ఈ సూత్రాన్ని అత్యంత స్పష్టంగా చూపే వృక్షాలలో అమెరికా ఆగ్నేయ రాష్ట్రాలకు చెందిన చిత్తడి సైప్రస్ ఒకటి.

ఈ చెట్టును కుండీలో పెంచేవారిలో ఒక అభిప్రాయం బలంగా ఉంది. కుండీని నీటి తొట్టిలో ఉంచితే చాలు, మొదలు తనంతట తానే ఉబ్బి ప్రకృతిలోని రూపం వస్తుందని వారి నమ్మకం. ఇది పాక్షిక సత్యం మాత్రమే. వేర్ల అమరిక, ఆకుల విస్తీర్ణం, కోతల క్రమం సరిగా ఉన్నప్పుడే నీరు తోడ్పడుతుంది. ఈ మూడూ లోపిస్తే నీరు ఒక్కటే చెట్టుకు రూపం ఇవ్వలేదు. ఈ దృష్టితో మొదలు, వేర్ల అభివృద్ధి వెనుక ఉన్న శరీరధర్మాన్ని, ఆచరణలో పాటించవలసిన క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

సహజావాసంలో చెట్టు స్వరూపం

చిత్తడి సైప్రస్ శాస్త్రీయ నామం టాక్సోడియం డిస్టికం. కుప్రెస్సేసీ కుటుంబానికి చెందిన ఈ వృక్షం శంకుధారి అయినప్పటికీ శీతాకాలంలో ఆకు రాల్చుతుంది. సన్నని ఆకులు విడివిడిగా కాక, అవి అంటిపెట్టుకొన్న చిరు రెమ్మలతో సహా రాలిపోతాయి. బోడిగా నిలిచే ఈ లక్షణం వల్లనే అమెరికాలో దీనిని బాల్డ్ సైప్రస్ అని పిలుస్తారు. లూసియానా, ఫ్లోరిడా, మిసిసిప్పి, కరోలినా రాష్ట్రాల చిత్తడి నేలలు, నదీతీరపు ముంపు మైదానాలు దీని ప్రధాన నివాసాలు. లూసియానాకు ఇది రాష్ట్ర వృక్షం. నార్త్ కరోలినాలోని బ్లాక్ నది తీరంలో సజీవంగా ఉన్న ఒక చెట్టుకు కనీసం 2,624 సంవత్సరాల వయస్సు ఉన్నట్లు వార్షిక వలయాల ఆధారంగా 2019లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

లేత వయస్సులో ఈ చెట్టు గోపురాకారంలో నిటారుగా పెరుగుతుంది. వయస్సు మీరిన కొద్దీ తుపానులకు, పిడుగులకు శిఖరం దెబ్బతిని, పైకొమ్మలు పక్కలకు విస్తరించి, పైభాగం బల్లపరుపుగా మారుతుంది. ఈ ముదురు రూపాన్ని బోన్సాయ్‌లోకి తెచ్చి ఫ్లాట్ టాప్ శైలిగా ప్రచారం చేసినవారిలో న్యూ ఆర్లియన్స్ కళాకారుడు వాన్ బాంటింగ్ ముఖ్యుడు. ఈ శైలిలో కొమ్మలు తక్కువ. అందువల్ల చూపరి దృష్టి కాండం మీదనే నిలుస్తుంది. మొదలులో లోపం ఉంటే దాన్ని కప్పిపుచ్చడానికి ఆకుల గుబురు ఉండదు.

మొదలు ఎందుకు ఉబ్బుతుంది?

సహజ చిత్తడిలో పెరిగిన సైప్రస్ మొదలు గంట ఆకారంలోనో, శంకువు ఆకారంలోనో వెడల్పుగా ఉంటుంది. దాని మీద నిలువుగా గట్లు, లోయలు కనిపిస్తాయి. మెట్ట నేలలో నాటిన అదే జాతి చెట్టుకు ఈ ఉబ్బు చాలా తక్కువ. అంటే జన్యు స్వభావం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది, దానిని వెలికితీసేది పరిసరం.

ఈ విషయాన్ని పరిశీలించిన హెర్మన్ కుర్జ్, డెల్జీ డెమరీ 1934లో ఎకాలజీ పత్రికలో ఒక ముఖ్యమైన వివరణ ఇచ్చారు. కాండంలో ఏ భాగానికి నీరు, గాలి రెండూ అందుతాయో ఆ భాగమే ఎక్కువగా లావెక్కుతుందని వారు గుర్తించారు. ముంపు నీరు ఎక్కి దిగే చోట బెరడు తడిగా ఉంటుంది, ప్రాణవాయువు కూడా దొరుకుతుంది. అందువల్ల ఉబ్బు ఎంత ఎత్తు వరకు ఉంటుందనేది ఆ ప్రదేశంలో నీటిమట్టం ఎక్కి దిగే పరిధిని సూచిస్తుంది.

కణస్థాయిలో దీనికి కారణాలు ఉన్నాయి. నీట మునిగిన కణజాలం నుండి ఇథిలీన్ వాయువు త్వరగా బయటికి పోలేదు. అది పోగుపడి కణాలు వెడల్పుగా పెరిగేలా ప్రేరేపిస్తుంది. బెరడు మీది లెంటిసెల్స్ ఉబ్బుతాయి. వేర్లలో గాలి గదులు గల మృదు కణజాలం ఏర్పడుతుంది. అయితే ఇవన్నీ కాంబియం చురుకుగా విభజన చెందుతున్నప్పుడే కాండపు వెడల్పుగా మారతాయి. కాంబియానికి కావలసిన పిండిపదార్థాలను తయారుచేసేవి ఆకులే. ఆకులు కొద్దిగా ఉన్న మొక్కను ఎంతకాలం నీటిలో ఉంచినా మొదలు పెద్దగా పెరగకపోవడానికి కారణం ఇదే.

టేపర్ వెనుక ఉన్న శరీరధర్మం

1964లో షినోజాకి, ఆయన సహచరులు జపాన్‌లో ప్రతిపాదించిన గొట్టాల నమూనా టేపర్‌ను అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది. దీని ప్రకారం నిర్దిష్ట పరిమాణంలో ఉన్న ఆకులకు నీటిని మోసుకుపోవడానికి నిర్దిష్ట పరిమాణంలో దారువు అవసరమవుతుంది. కాండంలో ఏ ఎత్తు దగ్గర చూసినా, ఆ ఎత్తుకు పైన ఉన్న ఆకులన్నిటి గొట్టాలూ అక్కడి నుండే పోవాలి. కింది భాగంలో కూడా కొమ్మలు ఉంటే కిందికి వచ్చే కొద్దీ గొట్టాల సంఖ్య పెరుగుతుంది, కాండం లావెక్కుతుంది. కొమ్మలన్నీ కొనలోనే ఉంటే మొదలుకు, నడుముకు మధ్య తేడా ఏర్పడదు. దట్టంగా నాటిన వనంలోని చెట్లు స్తంభాల వలె కనిపించడానికి ఇదొక కారణం.

దీనికి తోడు గాలి ఊపు కూడా పనిచేస్తుంది. యాంత్రిక స్పర్శకు, కదలికకు మొక్క రూపంలో వచ్చే మార్పును జాఫే 1973లో థిగ్మోమార్ఫోజెనిసిస్ అని పేర్కొన్నారు. గాలికి ఊగే మొక్క పొడవు తగ్గి మొదలు లావెక్కుతుంది. గట్టి కర్రకు బిగించి కట్టిన నారు పొడవుగా పెరుగుతుంది కాని మొదలులో బలం ఉండదు. కాబట్టి బోన్సాయ్ కోసం పెంచే సైప్రస్ నారును కర్రకు బిగించకుండా, ఎండ, గాలి తగిలే చోట ఎడంగా ఉంచాలి. మొదటి 2 సంవత్సరాలలో కింది కొమ్మలను తీసివేయడం మంచి ఉద్దేశంతో జరిగే తప్పు. ఆ కొమ్మలే మొదలును పోషిస్తాయి.

మొదటి మెట్టు: వేర్లు

సైప్రస్ కాండం మీది నిలువు గట్లు యాదృచ్ఛికంగా ఏర్పడవు. ప్రతి పెద్ద పార్శ్వ వేరుకు పైన ఉన్న కాండ భాగం ఆ వేరుతో నేరుగా అనుసంధానమై వేగంగా లావెక్కుతుంది. రెండు వేర్ల మధ్య భాగం వెనుకబడి లోయగా మిగులుతుంది. చుట్టూ 6, 7 వేర్లు సమంగా పరుచుకొంటే మొదలు చుట్టూ గట్లు సమంగా లేస్తాయి. ఒక పక్కనే రెండు వేర్లు ఉంటే మొదలు ఆ పక్కకే ఉబ్బి, రెండవ పక్క చదునుగా ఉండిపోతుంది. ఈ కారణం వల్ల కాండం పని వేర్ల నుండే మొదలు కావాలి.

విత్తనాలకు చల్లని తేమలో సుమారు 90 రోజుల విశ్రాంతి ఇచ్చి విత్తితే మొలక శాతం మెరుగవుతుంది. విత్తనం నీటి అడుగున మొలకెత్తదు. బాగా తడిసిన, కాని నీరు నిలవని మాధ్యమం కావాలి. నారు మొదటి శీతాకాలపు విశ్రాంతి చివరికి వచ్చినప్పుడు, మొగ్గలు ఉబ్బకముందే, ఈ కింది పనులు చేయాలి.

1. నారును పెకలించి వేర్లను నీటితో కడిగి, తల్లివేరును పై వరుస పార్శ్వ వేర్లకు కొద్దిగా దిగువన కత్తిరించాలి.

2. ఒకే ఎత్తులో నలుదిక్కులకు పోయే వేర్లను ఉంచి, వాటి పైన, కింద వచ్చిన వాటిని తొలగించాలి. మరీ లావుగా ఉన్న వేరును పొట్టిగా, సన్నని వాటిని పొడవుగా ఉంచితే కాలక్రమంలో సమానమవుతాయి.

3. వేర్ల కింద ఒక చదునైన పెంకు లేదా పలక ఉంచి, వేర్లను దాని మీద చక్రపు ఆకుల వలె పరిచి నాటాలి. దీనివల్ల వేర్లు కిందికి దిగకుండా పక్కలకు పరుచుకొంటాయి.

4. ఒక పక్క వేరు లేకపోతే ఆ చోట చిన్న నారును కాండానికి ఆనించి అంటుకట్టవచ్చు. అంటు అతికిన తరువాత నారు పైభాగాన్ని తీసివేస్తే దాని వేరు చెట్టుకు దక్కుతుంది.

సైప్రస్ వేర్లు వేగంగా పెరిగి కుండీని నింపివేస్తాయి. రూపకల్పన దశలో ఏడాదికి లేదా రెండేళ్ళకు ఒకసారి కుండీ మార్చి వేర్లను సవరించాలి. తీవ్రమైన వేరు కత్తిరింపును తట్టుకోగల శక్తి ఈ జాతికి ఉంది. అయితే ఆ పని శీతాకాలపు చివరి రోజులలోనే జరగాలి. లూసియానాలో సాధారణంగా జనవరి, ఫిబ్రవరి నెలలను ఇందుకు ఎంచుకొంటారు.

రెండవ మెట్టు: పెంచడం, కోయడం

వేర్లు సరిదిద్దిన నారును నేలలోగాని, వెడల్పయిన లోతు తక్కువ పెట్టెలోగాని నాటి స్వేచ్ఛగా పెరగనివ్వాలి. ఈ దశలో పోషకాలు, నీరు పుష్కలంగా అందాలి. మొదలు లక్ష్యానికి దగ్గరైనప్పుడు కాండాన్ని ధైర్యంగా కోసి, కొత్త కొనను పెంచి, మళ్ళీ కోయాలి. ప్రతి కోత దగ్గర కాండం ఒక మెట్టు సన్నబడుతుంది. మెట్లు చిన్నవైతే అవి కలిసిపోయి కంటికి ఒకే వాలుగా కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. 60 సెం.మీ. ఎత్తు, 10 సెం.మీ. మొదలు వ్యాసం గల చెట్టు లక్ష్యం అనుకొందాం. ఇది బోన్సాయ్‌లో సాధారణంగా అనుసరించే 6:1 నిష్పత్తి. మొదలు 8 సెం.మీ.కు చేరగానే 20 సెం.మీ. ఎత్తులో మొదటి కోత వేయాలి. అక్కడ కాండం వ్యాసం సుమారు 6 సెం.మీ. ఉంటుంది. కోత దిగువన వచ్చిన కొత్త కొన తన మొదట్లో 4 సెం.మీ., అనగా కింది భాగంలో మూడింట రెండు వంతులు, లావయ్యే వరకు కత్తెర పెట్టకూడదు. ఈ లోగా మొదలు కూడా మిగిలిన 2 సెం.మీ. పెరుగుతుంది. తరువాత మరో 15 సెం.మీ. పైన రెండవ కోత, దాని కొన పెరిగాక మరో 10 సెం.మీ. పైన మూడవ కోత వేయాలి. మిగిలిన 15 సెం.మీ.లో శిఖరం రూపొందుతుంది. పైకి పోయే కొద్దీ కోతల మధ్య దూరం తగ్గడం గమనించదగినది. సమాన దూరాలలో కోస్తే చెట్టు కృత్రిమంగా కనిపిస్తుంది.

కోత విషయంలో ఒక జాగ్రత్త అవసరం. శంకుధారులలో చాలా వాటికి భిన్నంగా సైప్రస్ ముదురు కాండం నుండి కూడా విరివిగా చిగురిస్తుంది. అగ్రాధిక్యత తొలగగానే ఆక్సిన్ ప్రవాహం ఆగి, కోత చుట్టూ చిగుర్లు గుంపుగా లేస్తాయి. వాటన్నిటినీ ఉంచితే ఆ చోట కాండం ముడిలా ఉబ్బి, కింది భాగం కంటే పైభాగం లావవుతుంది. దీనిని విలోమ టేపర్ అంటారు. కనుక తొలి కోతను కావలసిన ఎత్తుకు కొంచెం పైన అడ్డంగా వేసి, చిగుర్లు స్పష్టమైన తరువాత అనువైన ఒకదానిని కొనగా, ఒకటి రెండింటిని కొమ్మలుగా ఉంచి తక్కినవి తీసివేయాలి. మరుసటి శీతాకాలంలో ఎంచుకొన్న కొనకు ఎదురుదిశలోకి వాలుగా రెండవసారి కోసి, గాయం మధ్యభాగాన్ని కొద్దిగా పల్లంగా చెక్కితే అంచుల నుండి కేలస్ ఎత్తుగా కాక సమతలంగా కప్పుకొంటుంది.

మొదలు ఇంకా లావు కావలసి ఉంటే కింది భాగంలో ఒక కొమ్మను ఏ కత్తిరింపూ లేకుండా పొడవుగా పెరగనిస్తారు. పని పూర్తయ్యాక తొలగించే ఈ కొమ్మను త్యాగశాఖ అనవచ్చు. అది ఎంత ఆకు పెడితే దాని దిగువన కాండం అంత లావెక్కుతుంది. దీనిని చెట్టు వెనుక పక్కన ఎంచుకొంటే, తీసివేసిన తరువాత మచ్చ ముందు వైపుకు కనిపించదు.

నీటి తొట్టి: ఎప్పుడు, ఎంత?

నీటి పాత్ర ఈ దశలో స్పష్టమవుతుంది. ఆకు నిండుగా ఉండి చెట్టు వేగంగా పెరుగుతున్న వసంత, వేసవి మాసాలలో కుండీని వెడల్పాటి తొట్టిలో ఉంచి, నీటిమట్టాన్ని కుండీ మట్టి ఉపరితలానికి కొంచెం పైకి, కొంచెం కిందికి మారుస్తూ ఉండడం ప్రయోజనకరం. నీరు, గాలి రెండూ అందే పరిధిలోకి మొదలు వచ్చినప్పుడు కుర్జ్, డెమరీ గుర్తించిన పరిస్థితి కుండీలోనూ ఏర్పడుతుంది. మట్టం ఏడాది పొడవునా ఒకే గీత వద్ద నిలిచిపోతే ఆ గీత చుట్టూ ఉబ్బు కట్టి, వేర్లకు దానికి మధ్య నడుము వంటి సన్నని భాగం మిగిలే ప్రమాదం ఉంది.

కొత్తగా వేర్లు కత్తిరించిన చెట్టును వెంటనే ముంచకూడదు. గాయపడిన వేర్లకు ప్రాణవాయువు ఎక్కువ కావాలి. కొత్త చిగుర్లు సాగి గట్టిపడిన తరువాతనే తొట్టిలోకి మార్చాలి. ఆకులు రాలిన తరువాత తొట్టిని తీసివేయాలి. ముంపులో ఉన్నప్పుడు కూడా మాధ్యమం గుల్లగా ఉండాలి. ప్యూమిస్ వంటి రంధ్రాలు గల శిలారేణువులతో తయారైన మిశ్రమం నీటిలోనూ కుళ్ళి ముద్దకట్టదు. నీటిని తరచు మార్చితే ప్రాణవాయువు చేరుతుంది, దోమల గుడ్లు, పిల్లదశలు కూడా తొలగుతాయి.

మోకాళ్ళ సంగతి

చిత్తడిలో సైప్రస్ వేర్ల నుండి పైకి లేచే శంకువు వంటి నిర్మాణాలను మోకాళ్ళు అంటారు. కాకినాడ సమీపంలోని కోరంగి మడ అడవులలో అవిసీనియా చెట్ల చుట్టూ బురదలో నుండి పుల్లల వలె పొడుచుకొని వచ్చే శ్వాసవేర్లు చూసినవారికి ఈ పోలిక వెంటనే తోస్తుంది. మడ చెట్ల విషయంలో శ్వాస పాత్ర సుస్థిరమైనది. సైప్రస్ విషయంలో ఇది చాలాకాలం వివాదాస్పదంగా ఉంది. 1952లో క్రామర్, ఆయన సహచరులు జరిపిన ప్రయోగాలలో వేర్లకు ప్రాణవాయువు అందించడంలో మోకాళ్ళ పాత్ర గణనీయంగా కనిపించలేదు. 2015లో మార్టిన్, ఫ్రాంక్ ప్రచురించిన పరిశోధన మాత్రం మోకాళ్ళ ద్వారా వేర్లకు ప్రాణవాయువు చేరుతుందనడానికి ఆధారాలు చూపింది. ఒక సాధారణ విశ్వాసం పరీక్షకు నిలవకపోవడం, మెరుగైన పద్ధతులతో తిరిగి పరిశీలనకు రావడం విద్యార్థులు గమనించవలసిన అంశం.

బోన్సాయ్‌లో మోకాళ్ళు అరుదుగా వస్తాయి. కుండీ మార్చేటప్పుడు బాగా ఎదిగిన ఒక వేరును వంచి, వంపు భాగాన్ని మట్టికి పైన కనిపించేలా నిలిపితే, అది సంవత్సరాల తరబడి లావెక్కి మోకాలి రూపానికి దగ్గరవుతుంది. వేర్ల అమరికను బలి పెట్టి మాత్రం ఈ ప్రయత్నం చేయకూడదు.

చిత్తడి నుండా, విత్తనం నుండా?

మొదలు సిద్ధంగా ఉన్న చెట్టును చిత్తడి నుండి తవ్వి తెచ్చుకొంటే పదేళ్ళ శ్రమ తప్పుతుంది కదా అనే ప్రశ్న సహజం. లూసియానాలో ఈ పద్ధతి ఎంతో కాలంగా ఉంది. భూయజమాని అనుమతితో, కాలువ గట్లు తవ్వివేసేటప్పుడో భూమి చదును చేసేటప్పుడో ఎలాగూ పోయే చెట్లను రక్షించడం సమర్థనీయమే. అయితే చిత్తడి పరిస్థితి మారింది. 19వ శతాబ్దం చివరి నుండి 20వ శతాబ్దం తొలి దశకాల వరకు సాగిన కలప పరిశ్రమ ముదురు సైప్రస్ వనాలను చాలావరకు తుడిచిపెట్టింది. ఆ తరువాత కరకట్టలు, కాలువల వల్ల అనేక చోట్ల నీరు ఏడాది పొడవునా నిలిచిపోతున్నది. విత్తనం నీటి అడుగున మొలకెత్తదు కనుక అక్కడ కొత్త తరం రావడం లేదు. తీరప్రాంతంలో ఉప్పునీరు లోపలికి చొచ్చుకొని వచ్చి పెద్ద చెట్లనూ చంపుతున్నది. దక్షిణ అమెరికా నుండి తెచ్చిన న్యూట్రియా అనే పెద్ద ఎలుక జాతి జంతువు నాటిన నారును కొరికి నాశనం చేస్తున్నది.

ఇటువంటి చోట ఒక చెట్టును తవ్వితే దాని స్థానంలో మరొకటి వస్తుందన్న నమ్మకం లేదు. అందువల్ల విత్తనం నుండి మంచి మొదలును రూపొందించగల నైపుణ్యం కళకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. నర్సరీలో టేపర్ గల చెట్లు తగినన్ని తయారైతే చిత్తడి మీద ఒత్తిడి తగ్గుతుంది. పైగా తవ్వి తెచ్చిన చెట్టుకు మొదలు వెడల్పుగా ఉన్నా, పెద్ద వేర్లను రంపంతో కోయవలసి వస్తుంది కనుక సన్నని వేర్ల జాలాన్ని మళ్ళీ మొదటి నుండి పెంచవలసిందే. నారు నుండి పెంచిన చెట్టులో ఈ లోపం ఉండదు.

ముగింపు

చిత్తడి సైప్రస్ మొదలు వెడల్పు మూడు కారణాల కలయిక: చుట్టూ సమంగా పరుచుకొన్న వేర్లు, కింది భాగాన్ని పోషించే విస్తారమైన ఆకు, నీరు, గాలి రెండూ అందే పరిసరం. వీటిలో మొదటి దానిని నారు దశలోనే సాధించాలి, రెండవదానిని స్వేచ్ఛగా పెంచే సంవత్సరాలలో కాపాడాలి, మూడవదానిని చెట్టు బలంగా ఉన్న కాలంలోనే జోడించాలి. ఈ వరుస తప్పితే పోయేది కాలం, దానిని తిరిగి పొందే మార్గం లేదు. ఇందులో ముంపు మినహా తక్కిన సూత్రాలు, అనగా నారు దశలో వేర్ల సవరణ, కింది కొమ్మలను కాపాడడం, కర్రకు బిగించకపోవడం, దశలవారీ కోత, మర్రి, చింత వంటి మన జాతుల బోన్సాయ్‌కి కూడా వర్తిస్తాయి. నర్సరీ శిక్షణ కార్యక్రమాలలో విస్తరణ శాస్త్రవేత్తలు ఒకే వయస్సు గల రెండు నారు మొక్కలలో ఒకదానికి కింది కొమ్మలు ఉంచి, మరొకదానికి తీసివేసి పక్కపక్కన పెంచి, ఏటా ఒకే ఎత్తులో కాండం వ్యాసం కొలిచి చూపవచ్చు. టేపర్ ఎలా ఏర్పడుతుందో విద్యార్థికి, నర్సరీ రైతుకు ఒకేసారి కళ్ళ ముందు నిలిపే ప్రదర్శన అది.